నలభై మూడో ఇల్లు

చినరేవుపాలెం,
నాగాయలంక మండలం.
జనవరి 18.

సర్దార్ బావకి దేవసహాయం వందనాలు.

ఇక్కడ నేనూ ప్రేమమ్మా క్షేమం. నీకు రెండో చెవి కూడా పోయిందని మీ అమ్మాయి నీలోఫర్ ఫోన్లో చెప్పింది. పోనీ వాట్సాప్‌లో రాద్దామా అంటే, నీ వేలు పెడితే ఫోన్ అద్దం పలకడం లేదట. రేషన్ మిషనే గుర్తుపట్టని వేలిని ఫోన్ గుర్తుపడుతుందని నేనూ అనుకోలేదు. నలభై ఏళ్ళు పెంకులూ సిమెంటూ పట్టిన వేళ్ళు మరి. అందుకని ఉత్తరం. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ కవర్లు అడిగితే అక్కడి అమ్మాయి బీరువా అడుగునుంచి ఒక కట్ట తీసి, అన్నీ పట్టుకెళ్ళిపోండి అంది. పట్టుకొచ్చాను. కాబట్టి మనం ఇంకో మూడేళ్ళు బతకాలి.

నేను కాలవ లస్కరుగా రిటైరై నాలుగేళ్ళయింది. ముప్పై ఏళ్ళు తూము దగ్గర గేజి చదివి, ఎన్ని అడుగుల నీళ్ళున్నాయో పుస్తకంలో రాసినవాణ్ణి. ఇప్పటికీ పొద్దున్నే వెళ్ళి ఊరికే చదివి వస్తున్నాను. కొత్త లస్కరు నన్ను చూసి లేచి నుంచుంటున్నాడు. నేను వెళ్ళేదాకా పని చెయ్యడం లేదు.

అసలు సంగతి. కిందటి ఏప్రిల్లో మా ఊరి మీద వడగళ్ళు పడ్డాయి. ఈ సముద్రపు ఒడ్డున తుఫాన్లు చూశాను, ఉప్పెన చూశాను. వడగళ్ళంటే ఎప్పుడైనా శనగగింజంతవి పడితే ఏరుకుని తినేవాళ్ళం. కిందటేడు పడ్డవి నిమ్మకాయలు. పదకొండు ఇళ్ళ రేకులు పగిలాయి. నష్టపరిహారం లిస్టు రాయడానికి వచ్చినవాళ్ళు, ఇది అంతకుముందే పగిలింది కాదని రుజువేమిటి అన్నారు. రుజువు ఎవరి దగ్గరా లేదు. మూడు పేర్లు రాసుకుని వెళ్ళారు.

ఈ ఏడు ఎండలు ముదరకముందే నువ్వొకసారి రా. మా ప్రార్థన మందిరం పెంకులు నువ్వు వేసినవే. ఎనిమిదేళ్ళయింది. సంఘం వాళ్ళు నన్నే రాయమన్నారు, కప్పుకి ఏమైనా అయితే నన్ను అనడానికి వీలుగా. బందర్లో బస్సెక్కితే అవనిగడ్డ మీదుగా మా మలుపు దాకా తిన్నగా వస్తుంది.

దేవసహాయం

*

ఇనుగుదురుపేట,
బందరు.
జనవరి 27.

దేవసహాయం బావా, సలాం.

ఉత్తరం అందింది. నేను రాలేను. మోకాళ్ళు. నిచ్చెన మీద రెండో మెట్టు దాటితే మీ చెల్లెలు కరీమున్నీసా వీధి వీధినంతా పిలుస్తోంది. నేను వచ్చి చూడక్కర్లేదు. నువ్వు చూడు. చెప్పినట్టు చెయ్యి.

ముందు ఫోటోలు. ఇంటికి నాలుగు పక్కలా నిలబడి, ఇల్లంతా పడేట్టు ఒక్కోటి. తర్వాత దగ్గరగా. కప్పు నడినెత్తిన ఉండే కొప్పు, చూరు, గోడా కప్పూ కలిసేచోటు. కిటికీ రెక్కలు, ముందు షెడ్డు, నీళ్ళ ట్యాంకు కూడా తియ్యి. వడగళ్ళు వాటినీ వదలవు. ఎక్కడైనా పగిలి ఉంటే దాచకు. పాత పగులు నువ్వే చూపించి ఉంటే, రేపు కొత్త పగులు నమ్ముతారు. పగులు పక్కన అగ్గిపెట్టె పెట్టి తియ్యి, ఎంతుందో తెలుస్తుంది. మనిషిని పెట్టకు. మనిషిని పెడితే అందరూ మనిషినే చూస్తారు. తీసినవన్నీ నీలోఫర్ ఫోన్‌కి పంపు. నీ ఫోన్ కాలవలో పడినా అక్కడ ఉంటాయి.

ఇక కాపాడుకోవడం. పెంకుటిళ్ళలో చీలిన పెంకు ఇప్పుడే మార్చండి. ఒకటి చీలితే పక్కవాటికి పట్టు ఉండదు. సిమెంటు రేకులైతే వల కట్టు. రొయ్యల చెరువుల మీద పక్షులు వాలకుండా కడతారే, ఆ పాత వలలు. రేకు మీద కాదు, రేకుకి జానెడు పైన, కర్రలు నిలబెట్టి బిగించి కట్టాలి. వడగల్లు ముందు వల మీద పడుతుంది. దాని పొగరు అక్కడ సగం పోతుంది. వల దొరకనివాళ్ళు వరిగడ్డి పరిచి తాళ్ళు వెయ్యండి, వానాకాలానికి ముందు తీసెయ్యండి. లేకపోతే కుళ్ళి రేకుని తినేస్తుంది.

మందిరం సంగతి ఫోటోలు చూసి రాస్తాను.

సర్దార్

*

చినరేవుపాలెం.
ఫిబ్రవరి 24.

సర్దార్ బావకి వందనాలు.

పని పూర్తయింది. మందిరం, నా ఇల్లు తీసి ఆపుదామనుకున్నాను. కానీ గేజి పుస్తకం రాసిన చెయ్యి సగం పేజీ దగ్గర ఆగదు. వీధంతా తీశాను. నలభై రెండు ఇళ్ళు, మొత్తం ఐదు వందల పదిహేడు ఫోటోలు. ఏ ఫోటో ఏ ఇంటిదో, ఏ దిక్కుదో ఒక నోటుబుక్కులో రాశాను.

ఫోటోలు తీయడం తేలిక. మనుషుల్ని పక్కకి జరపడం కష్టం. సత్యవతిగారు నన్ను అరగంట ఆగమని లోపలికెళ్ళి పట్టుచీర కట్టుకొచ్చి ఇంటి ముందు నిలబడింది. మనిషి పడకూడదమ్మా అంటే, నేను మనిషినేమిటి, ఇంటి యజమానురాలిని అంది. పిచ్చేశ్వరరావు తన ఇంటికి పడమర వైపు పగిలిన పెంకులు తియ్యొద్దన్నాడు. పెళ్ళిచూపులకి వస్తున్నవాళ్ళ చేతుల్లో పడతాయని భయం. తీశాను. వాళ్ళు పడమర నుంచి రారులే అన్నాను.

నా ఇంటి రేకుల మీద నువ్వు చెప్పినట్టే రొయ్యల వల కట్టాను. దారిన పోయేవాళ్ళు ఆగి, ఏం పడింది అని అడుగుతున్నారు. ప్రేమమ్మ వారం రోజులు పెరటి దారినే మందిరానికి వెళ్ళింది.

మందిరం ఫోటోలు ముప్పై. కొప్పుకి కిందగా ఒక వరస పెంకులు లోపలికి కుంగినట్టు కనపడుతున్నాయి. అలా ఉండాల్సిందేనా?

దేవసహాయం

*

నీలోఫర్ ఇంటి నుంచి,
గుడివాడ.
మార్చి 9.

బావా, సలాం.

కూతురి దగ్గరికి వచ్చి పది రోజులైంది. అది నీ ఫోటోలన్నీ కంప్యూటర్లో పెద్దవి చేసి చూపించింది. రెండు రోజులు కూర్చుని చూశాను. మొత్తమ్మీద బాగా తీశావు. సత్యవతిగారి చీర చాలా బాగుంది. చూరు కనపడలేదు. మళ్ళీ తియ్యి.

ఏడో ఇంటి రేకులకి కొక్కేలు వదులైపోయి ఉన్నాయి, గాలికే లేస్తాయి. బిగించమను. ఇరవయ్యో ఇంటి డాబా మీద నీళ్ళ ట్యాంకుకి మూత లేదు. వడగళ్ళ మాట తర్వాత, ముందు కాకుల సంగతి చూసుకోమను.

ఇంకొక మాట. వీధి మొదట్లో నిలబడి పొడుగ్గా ఒక ఫోటో తీశావు కదా. అందులో కప్పులు లెక్కపెట్టాను. నా కళ్ళకి అదే అలవాటు. మందిరం కాక నలభై మూడు ఉన్నాయి. పన్నెండో ఇంటికీ పదమూడో ఇంటికీ మధ్య ఒక రేకుల ఇల్లుంది, నీలం గేటు. దాని ఫోటో ఒక్కటీ లేదు. పక్కిళ్ళ ఫోటోల్లో కూడా ఆ గోడ దాకా వచ్చి ఫోన్ పక్కకి తిప్పేశావు. పన్నెండో ఇంటికి తూర్పు ఫోటో లేదు, పదమూడో ఇంటికి పడమర ఫోటో లేదు. మర్చిపోయావా?

మందిరం కుంగు సంగతి బందరు వెళ్ళాక రాస్తాను.

సర్దార్

*

చినరేవుపాలెం.
మార్చి 16.

సర్దార్ బావకి,

ఏడో ఇంటి కొక్కేలు బిగించారు. ట్యాంకుకి మూత పెట్టారు. సత్యవతిగారి చూరు తీశాను, ఈసారి ఆవిడ నిచ్చెన పట్టుకుంది. వల కట్టినవాళ్ళు నాతో కలిపి తొమ్మిది మంది అయ్యారు. ప్రేమమ్మ మళ్ళీ ముందు దారినే వెళ్తోంది.

నువ్వు అడిగిన ఇల్లు మహాలక్ష్మమ్మది. భర్త పోయాక ఎకరం పొలం తనే చేసుకుంటూ ఉంటుంది. నేను వెళ్ళిన రోజు తాళం వేసి ఉంది.

బందరు వెళ్ళి మందిరం సంగతి రాయి.

దేవసహాయం

*

చినరేవుపాలెం.
ఏప్రిల్ 26.

సర్దార్ బావకి వందనాలు.

మొన్న, ఇరవై నాలుగో తారీఖు మధ్యాహ్నం మూడూ నలభైకి పడ్డాయి. పడమర గాలి. తొమ్మిది నిమిషాలు. పెద్దవాటిని కొలిచాను, కోడిగుడ్డు కన్నా కొంచెం చిన్నవి. కొలుస్తుండగానే కరిగాయి.

నా ఇంటికి ఏమీ కాలేదు. వల రెండు చోట్ల తెగింది, అంతే. వల కట్టిన తొమ్మిది ఇళ్ళలో ఏడు బాగున్నాయి. మిగతావాటిలో పంతొమ్మిది ఇళ్ళకి దెబ్బ. మందిరం పెంకులు నూట ఎనభై పోయాయి, అందులో చాలావరకు ఆ కుంగిన వరస దగ్గరే. మనుషులకి పెద్దగా ఏమీ కాలేదు. మహాలక్ష్మమ్మ భుజం మీద రేకు ముక్క పడింది, ఆరు కుట్లు.

నిన్న గ్రామ సచివాలయం నుంచి ఇంజనీరింగ్ అసిస్టెంట్ వచ్చింది. లిఖిత అని చిన్న వయసు అమ్మాయి, మాట మర్యాదగలది. ప్రతి ఇంటి దగ్గరా జనం నా పేరు చెప్పారు. నోటుబుక్కు తీశాను, ఫోన్ తీశాను. ముందు ఇలా ఉంది, ఇప్పుడు ఇలా ఉంది. ఆ అమ్మాయి మూడు రోజుల పని మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోయింది. పిచ్చేశ్వరరావు పాత పగుళ్ళు పాతవే అని ఒప్పుకున్నాడు, కొత్తవి రాసుకున్నారు. అందరూ నా భుజం తట్టారు.

నీలం గేటు ఇంటి దగ్గర ఆగాం. పైన ఒక్క రేకూ తిన్నగా లేదు. ముందు ఫోటో చూపించండి అంకుల్ అంది లిఖిత. లేదన్నాను. ఒక్కటీ లేదా అంది. లేదన్నాను. అప్పుడు పిచ్చేశ్వరరావు, "దేవసహాయంగారు వీధిలో కాకిగూడు కూడా వదలకుండా తీశారండీ. ఈవిడది లేదంటే, తీయడానికి అక్కడ ఏమీ లేక అయ్యుంటుంది. పోయిన తుఫానుకే పోయుంటుంది" అన్నాడు. అతను చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నాకు సాయం చేస్తున్నాననుకున్నాడు.

లిఖిత, "నేను రాస్తాను గానీ పైనుంచి తనిఖీకి వచ్చేవాళ్ళు ఇదే మాట అడుగుతారండీ" అంది. పెన్నుతో ఆ ఇంటి నంబరు పక్కన ఒక ప్రశ్న గుర్తు పెట్టుకుంది.

మహాలక్ష్మమ్మ భుజానికి కట్టుతో గుమ్మంలో నిలబడి నావైపు చూసింది. నేను నోటుబుక్కు మూసి పదమూడో ఇంటి వైపు నడిచాను.

దేవసహాయం

*

ఇనుగుదురుపేట,
బందరు.
ఏప్రిల్ 30.

బావా,

ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను. అందిన పూటే పని మొదలుపెట్టు.

ముందు ఫోటో లేకపోయినా పగిలిన రేకే చెబుతుంది. ఆ ఇంట్లో కిందపడ్డ ముక్కలు ఒక్కటి కూడా పారెయ్యనివ్వకు. ముక్క తీసి పగిలిన అంచు చూడు. పాత పగులైతే అంచు నల్లగా, పాచి పట్టి ఉంటుంది. కొత్తదైతే లోపల తెల్లగా, అప్పుడే కోసిన కొబ్బరిలా ఉంటుంది. పగలకుండా మిగిలిన రేకు మీద చూడు. ఏళ్ళ తరబడి ఎండకీ వానకీ రేకు నల్లబడుతుంది కదా, వడగల్లు తగిలిన చోట ఆ నలుపు ఊడి రూపాయి బిళ్ళంత తెల్ల మచ్చ పడుతుంది. పడమర వైపు ఎక్కువ, తూర్పు వైపు తక్కువ ఉంటే అది వడగళ్ళ పనే. ఆ మచ్చలు లెక్కపెట్టు. అగ్గిపెట్టె పెట్టి తియ్యి. రెండు గట్టి వానలు పడితే అన్నీ కలిసిపోతాయి. తర్వాత ఎవడూ ఏమీ చెప్పలేడు. పగిలిన రేకుల దుమ్ము మంచిది కాదు, నీళ్ళు చల్లి ముక్కుకి గుడ్డ కట్టుకో.

తాళం వేసి ఉందన్నావు. వానాకాలం, ఎండాకాలం ఎకరం పొలం చేసుకునే మనిషి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా తాళం వేసుకుని ఎక్కడికి పోయింది? నేను చెవిటివాణ్ణి గానీ చదవగలను.

నా సంగతి కూడా చెప్పాలి. మోకాళ్ళ నొప్పి నిజమే. కానీ రాకపోవడానికి కారణం అది కాదు. మందిరం పనప్పుడు పెంకులు కూర్చునే సన్న చెక్కలు, రీపర్లు, చివర్లో తక్కువ పడ్డాయి. మళ్ళీ అవనిగడ్డ వెళ్ళి తేవాలంటే ఒక రోజు. మర్నాడు బందర్లో వేరే పని ఒప్పుకున్నాను. ఉన్నవాటినే ఎడం చేసి కొట్టేశాను. నువ్వు కింద నిలబడి, భలే తిన్నగా వచ్చింది అన్నావు. నీ ఫోటో చూడగానే ఏ వరసో తెలిసింది. రెండు నెలలుగా రాయలేక దాటేస్తున్నాను.

ఇక నీ వంతు.

సర్దార్

*

చినరేవుపాలెం.
మే 9.

సర్దార్ బావకి,

నీ ఉత్తరం మే 2న అందింది. అదే పూట నిచ్చెన భుజాన వేసుకుని నీలం గేటు దగ్గరికి వెళ్ళాను. పద్నాలుగేళ్ళ తర్వాత ఆ గేటు ముట్టుకున్నాను.

మహాలక్ష్మమ్మ వరండాలో ప్లాస్టిక్ పట్టా కింద వంట చేస్తోంది. పైకెక్కి ఫోటోలు తీసుకుంటానన్నాను. ఆవిడ కూర కలుపుతూనే, "నిచ్చెన గోడకి గీతలు పడకుండా వెయ్యి" అంది. అంతే. ముక్కలు పారేసిందేమోనని భయపడ్డాను. ఒక్కటీ పారెయ్యలేదు. గొడ్ల చావిట్లో గోడకి పేర్చి, పైన గోనె కప్పి ఉంచింది. ఎందుకలా ఉంచారని అడిగాను. "ఎవరైనా నిజం చూడ్డానికి వస్తారేమోనని" అంది.

అంచులన్నీ నువ్వు చెప్పినట్టే తెల్లగా ఉన్నాయి. మచ్చలు లెక్కపెట్టాను. పడమర వైపు నూట అరవై నాలుగు, తూర్పు వైపు పంతొమ్మిది. మర్నాడు సాయంత్రం గట్టి వాన పడింది.

ఇక నా వంతు. ఆ రోజు తాళం లేదు. మహాలక్ష్మమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పన్నెండో ఇల్లు తీసి, ఆవిడ ముందునుంచే నడిచి, పదమూడో ఇంటికి వెళ్ళాను. ఆవిడ చూసింది. తనది ఎందుకు తియ్యవని అడగలేదు.

పద్నాలుగేళ్ళ కిందట ఆవిడ నా మీద అర్జీ పెట్టింది. జులైలో మూడు రోజులు తూము షట్టరు తెరవలేదనీ, తన నారుమడి ఎండిపోయిందనీ. నాకు సంజాయిషీ మెమో వచ్చింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒకే ఒక్క మెమో. గేజి పుస్తకం పట్టుకెళ్ళి చూపించాను. మూడు రోజులూ రెండు పూటలా నీళ్ళ మట్టం నా చేత్తో రాసి ఉంది. మెమో మూసేశారు. ఆరోపణ నిరాధారం అని ఆవిడకి కాగితం వెళ్ళింది. అప్పట్నుంచి ఊళ్ళో ఆవిడ ఏం చెప్పినా, మహాలక్ష్మమ్మ మాటకి కాగితం అడగాలి అనేవాళ్ళు. ఆ ఏడు ఆవిడ ఎకరమూ బీడు.

ఆ మూడు రోజులూ నేను తూము దగ్గర లేను బావా. బందర్లో ఉన్నాను. మీ నీలోఫర్ పెళ్ళి. నేను బిర్యానీ వడ్డిస్తుంటే నువ్వు, సెలవు దొరికిందా అని అడిగావు. దొరికింది అన్నాను. సెలవు పెట్టలేదు. రెండు వానలు పడతాయిలే, షట్టరుతో పనేముంది అనుకున్నాను. వానలు పడలేదు. ఇక్కడిది చౌడు నేల, నీళ్ళు తప్పితే నారు ఒక్క పూటలో మాడిపోతుంది. తిరిగొచ్చాక మూడు రోజుల మట్టాలూ ఒకేసారి కూర్చుని రాశాను, పెన్ను మార్చి మార్చి. ఈ సంగతి ప్రేమమ్మకి కూడా తెలియదు. తెలియదనుకున్నాను. నిన్న చెబితే, తెలుసు అంది.

లిఖితకి ఫోటోలన్నీ ఇచ్చాను. ముందు ఫోటో ఎందుకు లేదో నా చేత్తో ఒక స్టేట్‌మెంట్ రాసిమ్మంది. రెండు పేజీలు రాశాను. ఆ ఇంటి కప్పు ఏప్రిల్ ఇరవై నాలుగు దాకా బాగానే ఉందనీ, రోజూ దాని ముందునుంచే నడిచాననీ, పాత పగ వల్లే కావాలని ఫోటో తీయలేదనీ మొదటి పేజీ. ఆ పగకి కారణమైన అర్జీ నిజమనీ, నా పుస్తకం అబద్ధమనీ రెండో పేజీ.

ఆ అమ్మాయి రెండూ చదివింది. మొదటిదానికి స్టాంపు వేసి లోపల పెట్టుకుంది. రెండోది నాకు తిరిగిచ్చి, "దీనికి మా దగ్గర కాలమ్ లేదండీ. ఇది నీళ్ళవాళ్ళది" అంది. మా పాత ఆఫీసుకి పట్టుకెళ్ళాను. అక్కడ కొత్తాయన చదివి, "అప్పటి పుస్తకాలు ఇప్పుడు ఉండవండీ. మీరు రిటైరయ్యారు కూడా" అని, టీ ఇప్పించి పంపాడు. ఆ కాగితం బైబిల్లో పెట్టాను. ఎవరికివ్వాలో నాకు తెలుసు. ఇవ్వలేదు.

దేవసహాయం

*

ఇనుగుదురుపేట,
బందరు.
మే 15.

బావా, సలాం.

చదివాను. కరీమున్నీసాకి కూడా చదివి వినిపించాను. అది పలక మీద రాసి చూపించింది: "ఆవిడ మన పెళ్ళి భోజనం తినకుండానే దాని ఖరీదు కట్టింది."

నిన్ను తిట్టడానికి నేను సరైనవాణ్ణి కాదు. రీపర్లు ఎడం చేసినవాణ్ణి.

జూన్ మొదటివారంలో వస్తున్నాను. మందిరం కప్పు ఆ వరస దాకా విప్పి, రీపర్లు దగ్గరగా కొట్టి మళ్ళీ వేస్తాను. కూలి మాట ఎత్తకండి. గుడివాడలో ఒక పాత రైస్‌మిల్లు పడగొడుతున్నారు, మంచి మందం పెంకులు. నీలోఫర్ మాట్లాడింది, వ్యానులో వస్తాయి. నేను కింద కుర్చీలో కూర్చుని చెబుతాను, పైకి వేరేవాళ్ళు ఎక్కుతారు. ఆ తర్వాత మహాలక్ష్మమ్మగారి ఇల్లు. లిస్టులో పేరు వచ్చేదాకా ఆవిడ పట్టా కింద ఉండక్కర్లేదు. నీ చావిడి మీది రేకులు కొత్తవే కదా, ఫోటోల్లో చూశాను. అవి విప్పి ఉంచు.

ఆ కాగితం సంగతి నేను చెప్పను.

సర్దార్

*

చినరేవుపాలెం.
జూన్ 27.

సర్దార్ బావకి వందనాలు.

నువ్వు క్షేమంగా చేరావని నీలోఫర్ చెప్పింది. మందిరం కప్పు కిందనుంచి చూస్తే ఇప్పుడు నిజంగానే తిన్నగా ఉంది. ఈసారి నేను పైకెక్కి కొలబద్ద పెట్టి చూశాకే అంటున్నాను. మొన్న రాత్రి నుంచి వాన ఏకధారగా పడుతున్నా లోపల ఒక్క చుక్క లేదు. నా చావిడి మాత్రం కారుతోంది. గేదె నావైపు అదో రకంగా చూస్తోంది.

నువ్వు మహాలక్ష్మమ్మ ఇంటి దగ్గర పనిచేయించిన ఆ నాలుగు రోజులూ ఒకటి గమనించావో లేదో. ఆవిడ మనిద్దరికీ అన్నం పెట్టింది. నా విస్తట్లో కూడా చేప ముక్కలు సమానంగానే వేసింది. కానీ ఏం మాట్లాడినా నీతోనే మాట్లాడింది. నీకు వినపడదని తెలుసు, అయినా నీవైపే తిరిగి, పొలం సంగతీ కుట్ల సంగతీ అన్నీ చెప్పింది. నువ్వు తలాడిస్తూ కూర్చున్నావు. పక్కన నేను విన్నాను. నాకు వినపడాలనే చెప్పిందో, నీకైతే చెప్పినా ఫరవాలేదనుకుందో తెలియదు.

లిస్టు వచ్చింది. ఆవిడ పేరుంది. ప్రశ్న గుర్తు కొట్టేసి ఉంది.

నువ్వు బస్సెక్కిన మర్నాడు, పొద్దున్న పదింటికి, మహాలక్ష్మమ్మ మా వరండా ముందుకి వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. "రెండో పేజీ ఒకటి రాశావట. సచివాలయం అమ్మాయి చెప్పింది. అది నా దగ్గర ఉండాలి" అంది.

లోపలికెళ్ళి తెచ్చిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, నిలబడే చదివింది. పెదాలు కదుపుతూ, ఒక్కో మాట మీద వేలు పెట్టి. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను. ప్రేమమ్మ గుమ్మంలో నిలబడింది. నా సంజాయిషీ చదివిన ఏ ఆఫీసరూ అంతసేపు చదవలేదు.

చివరిదాకా వచ్చాక మళ్ళీ మధ్యకి వెళ్ళి ఒక చోట వేలు పెట్టి ఆపింది.

"తారీఖు తప్పు" అంది. "జులై పదిహేడున ఎండిందని రాశావు. పదిహేడున నువ్వు బస్సెక్కావు. ఆ రోజు మడిలో తడి ఉంది. పద్దెనిమిదిన బిందెలతో మోసి పోశాను. పంతొమ్మిది మధ్యాహ్నానికి పోయింది."

నేను పెన్ను తెచ్చాను. పదిహేడు కొట్టేసి పంతొమ్మిది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ఆవిడ చూసి, "బిందెలతో పోసిన సంగతి కూడా రాయి" అంది. ఎన్ని బిందెలని అడిగాను. కాసేపు ఆలోచించి, "లెక్కపెట్టలేదు. చీకటిపడేదాకా అని రాయి" అంది. అలాగే రాశాను.

కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని మెట్లు దిగింది. గేటు దాకా వెళ్ళి, నావైపు తిరగకుండానే అంది.

"కొట్టివేతలు లేకుండా ఇంకోటి రాసి ఉంచు. రేపు వచ్చి తీసుకుంటాను. అప్పుడు కూర్చుంటాను."

దేవసహాయం